ఇంత పెద్దవాళ్లున్న బోర్డులో ఒక్కరైనా 'వద్దు' అని ఎందుకు ఓటు వేయలేదు?

గుంటూరు_సీఎస్ అడిగిన ప్రశ్న

సత్యం కంప్యూటర్స్ కేసును బోర్డు పనితీరు వైపు నుంచి చదువుతున్నాను. లెక్కల మోసం గురించి ఇప్పటికే చాలా రాశారు. నాకు కొరుకుడు పడనిది అది బయటపడటానికి మూడు వారాల ముందు జరిగిన మీటింగ్.

2008 డిసెంబర్ 16న బోర్డు మేటాస్ ప్రాపర్టీస్‌లో 100 శాతం, మేటాస్ ఇన్‌ఫ్రాలో 51 శాతం కొనడానికి ఒప్పుకుంది. మొత్తం 160 కోట్ల డాలర్లు. రెండూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు కుటుంబానికి చెందిన కంపెనీలు. మేటాస్ అన్న పేరు కూడా ఇంగ్లిష్ అక్షరాలు తిరగేస్తే సత్యమే. అంటే ఎవరిది ఎవరు కొంటున్నారో పేరులోనే ఉంది. ఆ బోర్డులో ఉన్నవాళ్లు హార్వర్డ్ ప్రొఫెసర్, ఐఎస్‌బీ డీన్, మాజీ కేబినెట్ సెక్రటరీ, ఐఐటీ ఢిల్లీ మాజీ డైరెక్టర్, పెంటియం చిప్‌తో పేరు తెచ్చుకున్న ఇంజినీరు. రాజు సోదరులు సంబంధిత వ్యక్తులు కాబట్టి ఓటింగ్‌కు దూరంగా ఉన్నారు. మిగిలినవాళ్లలో ఎక్కువమంది బయటివాళ్లే. అయినా తీర్మానం ఏకగ్రీవం. న్యూయార్క్‌లో ఏడీఆర్ (అమెరికాలో ట్రేడయ్యే సత్యం షేర్ల రూపం) ధర సగానికి పైగా పడిపోయాక, సుమారు 12 గంటల్లో వెనక్కి తీసుకున్నారు.

నా ప్రశ్నలు మూడు. చదువు, అనుభవం ఉన్నవాళ్లు అలా ఎందుకు తలూపుతారు? 2013 కంపెనీల చట్టం, సెబీ ఎల్‌ఓడీఆర్ నిబంధనలు (లిస్టెడ్ కంపెనీలు పాటించాల్సినవి) వచ్చాక ఈ పరిస్థితి నిజంగా మారిందా? కంపెనీ సెక్రటరీలు, కొత్తగా ఇండిపెండెంట్ డైరెక్టర్ (కంపెనీ యజమానులతో సంబంధం లేని, బయటి డైరెక్టర్) అయినవాళ్లు ఆచరణలో ఏం చేయొచ్చు? సూత్రాలు పుస్తకాల్లో దొరుకుతాయి, పని ఎలా జరుగుతుందో చెప్పండి.

నల్లకుంట_మూర్తి

మొదటి ప్రశ్నకు మన భాషలోనే సరైన మాట ఉంది: మొహమాటం. భయపడ్డ మనిషికి తాను భయపడుతున్న సంగతి తెలుస్తుంది. మొహమాటపడే మనిషికి మాత్రం తాను మర్యాదగా నడుచుకుంటున్నాననే అనిపిస్తుంది. అందుకే దాన్ని తనలో తాను పట్టుకోవడం కష్టం.

సత్యం బోర్డులో ప్రశ్నలే రాలేదని అనుకోవద్దు. వచ్చాయి. ఒక స్వతంత్ర డైరెక్టర్ ఆ నెలలోనే రాజీనామా చేస్తూ, మీటింగ్‌లో తన అభ్యంతరాలు చెప్పానని, కానీ వ్యతిరేకంగా ఓటు వేయలేకపోయానని రాశారు. నా దృష్టిలో ఈ కేసంతటిలో అన్నిటికన్నా విలువైన వాక్యం అదే. సందేహం నోటిదాకా వచ్చింది, ఓటుదాకా రాలేదు. ఆ మధ్యలో ఏం జరుగుతుందో చూడాలి.

మొదటిది ముందస్తు ఫోన్లు. పెద్ద ప్రతిపాదన ఏదైనా బోర్డుకు వచ్చేలోపు ఛైర్మనో, ఎండీయో ఒక్కొక్క డైరెక్టర్‌తో విడివిడిగా మాట్లాడతారు. ఇందులో తప్పేమీ లేదు. కానీ దాని ఫలితం చూడండి. మిగతావాళ్లంతా అప్పటికే ఒప్పుకున్నారని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. ఆరుగురికీ సందేహం ఉంటుంది, ఆరుగురూ 'నాకొక్కడికే ఉంది' అనుకుంటారు. గదిలోకి అడుగుపెట్టేసరికి విషయం వండి వడ్డించినట్టు ఉంటుంది. ఆ పూట 'ఉప్పు తక్కువైంది' అనడానికి ఎవరికీ నోరు రాదు.

రెండోది ఒకరి నైపుణ్యం మీద ఇంకొకరు పెట్టుకునే నమ్మకం. టెక్నాలజీ తెలిసినాయన భూముల ధర సంగతి ఫైనాన్స్ తెలిసినాయనకు వదిలేస్తారు. ఫైనాన్స్ తెలిసినాయన భూముల టైటిల్ సంగతి ప్రభుత్వంలో పనిచేసినాయనకు వదిలేస్తారు. ఆయన వాల్యుయేషన్ సంగతి మళ్లీ ఫైనాన్స్ ఆయనకు వదిలేస్తారు. మేధావులు ఎక్కువైన కొద్దీ ఈ వదిలేయడం ఎక్కువవుతుంది. గొప్ప బయోడేటాలు బోర్డుకు రక్షణ కాకపోవడానికి కారణం ఇదే.

మూడోది సంస్థకున్న పేరు. అదే ఏడాది సెప్టెంబర్‌లో సత్యానికి కార్పొరేట్ గవర్నెన్స్‌కే గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. అలాంటి కంపెనీలో గట్టిగా అడిగితే అడిగినవాడే అనుమానపు మనిషిలా కనిపిస్తాడు.

సోలమన్ ఆష్ 1950ల్లో చేసిన గీతల ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. ఇచ్చిన గీతకు మూడు గీతల్లో ఏది సమానమో కళ్లకు కనిపిస్తూనే ఉంటుంది. గదిలో అందరూ తప్పు చెబితే, ప్రయోగంలో పాల్గొన్నవాళ్లలో సుమారు నాలుగింట మూడొంతుల మంది కనీసం ఒక్కసారైనా ఆ తప్పుకే వంత పాడారు. అదే గదిలో నిజం చెప్పే మనిషి ఇంకొక్కడు ఉంటే చాలు, వంత పాడటం బాగా తగ్గిపోయింది. బోర్డుకు కావలసింది ఒక వీరుడు కాదు, రెండో గొంతు. అందుకే ప్రతి బోర్డు మీటింగ్‌కు ముందు ఇండిపెండెంట్ డైరెక్టర్లు మేనేజ్‌మెంట్ లేకుండా అరగంట కూర్చోవాలి. చట్టంలోని నాలుగో షెడ్యూల్ ఏడాదికి ఒక్కసారి కలిస్తే చాలంటుంది. అది సరిపోదు. ఆ అరగంటలో చేయాల్సిన పని ఒకటే: ఎజెండాలో ఎవరికి ఏ అంశం మీద ఏ ప్రశ్న ఉందో చెప్పుకోవడం, ప్రతి ప్రశ్నకూ దాన్ని బలపరిచే రెండో మనిషిని అక్కడే ఖాయం చేసుకోవడం.

తిరుపతి_షేర్‌హోల్డర్

మొహమాటం ఉంది, కాదనను. కానీ వేరు అక్కడ లేదు. డైరెక్టర్‌ను తెచ్చేది ప్రమోటర్, అంటే కంపెనీని పెట్టి నడిపించే యజమాని. మీటింగ్‌కు సిట్టింగ్ ఫీజు గరిష్ఠంగా లక్ష రూపాయలు. దాని మీద లాభాల్లోంచి కమీషన్. మూడు నాలుగు బోర్డుల్లో ఉన్న మనిషికి అది చిన్న ఆదాయం కాదు. ఒకచోట 'వద్దు' అంటే ఇంకోచోటికి పిలుపు రాదని ఆయనకు తెలుసు. తన పదవి ఎవరి చేతిలో ఉందో ఆ మనిషిని ఎవరు ఎదిరిస్తారు?

నిబంధనల్లో వచ్చిన అసలు మార్పు ఇక్కడే ఉంది. 2022 జనవరి 1 నుంచి లిస్టెడ్ కంపెనీలో ఇండిపెండెంట్ డైరెక్టర్‌ను నియమించాలన్నా, మళ్లీ తీసుకోవాలన్నా, తొలగించాలన్నా స్పెషల్ రిజల్యూషన్ కావాలి, అంటే పోలైన ఓట్లలో కనీసం 75 శాతం. 2022 నవంబర్ నుంచి నియామకానికి ఇంకో దారి ఉంది: అది రాకపోయినా, మామూలు మెజారిటీతో పాటు పబ్లిక్ షేర్‌హోల్డర్లలో మెజారిటీ వస్తే చాలు. ప్రమోటర్ దగ్గర 55 శాతం వాటా ఉన్నా ఒంటరిగా చేయలేడు. రిలేటెడ్ పార్టీ లావాదేవీలను (యజమానులకు, వాళ్ల వాళ్లకు సంబంధించిన కంపెనీలతో చేసేవి) ఆడిట్ కమిటీలోని ఇండిపెండెంట్ డైరెక్టర్లే ఆమోదించాలన్న నిబంధన కూడా అప్పుడే అమల్లోకి వచ్చింది. పెద్ద లావాదేవీ అయితే షేర్‌హోల్డర్ల ఓటు కావాలి, సంబంధిత పక్షాలు అనుకూలంగా ఓటు వేయడానికి వీల్లేదు. మేటాస్ ప్రతిపాదన ఇవాళ వస్తే బోర్డు గదిలోనే తేలిపోయేది కాదు.

నల్లకుంట_మూర్తి

తిరుపతి గారూ, నియామకం గురించి మీరన్నది సరైనదే. కానీ మీ వాదనకు సత్యమే అడ్డు వస్తుంది. 2008 సెప్టెంబర్ నాటికి అక్కడ ప్రమోటర్ల వాటా సుమారు 8.6 శాతం. ఆ షేర్లు కూడా తాకట్టులోకి వెళ్లాయి. ఓట్ల లెక్కన చూస్తే రాజుకు ఆ డైరెక్టర్లను ఉంచే బలం గానీ తీసేసే బలం గానీ లేదు. అయినా మాట నెగ్గింది. 1987లో కంపెనీ పెట్టి, వేల కుటుంబాలకు ఉద్యోగాలిచ్చిన మనిషిగా ఆయనకున్న పెద్దరికమే ఆ పని చేసింది. వాటా లేకపోయినా పెద్దరికం నడుస్తుంది. దాన్ని ఏ రిజల్యూషనూ కొలవదు.

వైజాగ్_ఆడిటర్

ఇద్దరూ మనసుల గురించి మాట్లాడుతున్నారు, నేను అంకెల వైపు నుంచి వస్తాను. ఎందుకంటే మొహమాటం ఎక్కువగా అడ్డుపడేది అంకెల దగ్గరే. 'మీ బ్యాంకులో డబ్బు నిజంగా ఉందా?' అని ఛైర్మన్‌ను అడగడం మన సమాజంలో తిట్టుతో సమానం. అడగకపోతే ఏమవుతుందో చూడండి.

మోసాన్ని ఒప్పుకుంటూ రామలింగరాజు రాసిన 2009 జనవరి 7 నాటి లేఖ ప్రకారం సత్యం పుస్తకాల్లో నగదు, బ్యాంకు నిల్వలు 5,361 కోట్లు. అందులో లేనిది 5,040 కోట్లు. అంటే నూటికి 94 రూపాయలు కాగితం మీదివే. దానికి తోడు లేని వడ్డీ 376 కోట్లు, చూపించని అప్పు 1,230 కోట్లు, రావలసిన బాకీల్లో ఎక్కువ చేసి చూపింది 490 కోట్లు. సెప్టెంబర్ క్వార్టర్‌లో ఆపరేటింగ్ లాభం 649 కోట్లని ప్రకటించారు, నిజంగా ఉన్నది 61 కోట్లు. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్ఈసీ లెక్క ప్రకారం దొంగ ఇన్‌వాయిస్‌లు 6 వేలకు పైనే. మేటాస్ కొనుగోలు ఎందుకన్నది కూడా ఆ లేఖలోనే ఉంది: లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులను పెట్టడానికి.

ఇంత పెద్ద గొయ్యి ఆడిటర్లకు ఎందుకు కనిపించలేదు? బ్యాంకు కన్ఫర్మేషన్ లేఖలను ఆడిటర్ తానే బ్యాంకుకు పంపి, జవాబు తానే నేరుగా తెప్పించుకోవాలి. ఎస్ఏ 505 ప్రమాణం చెప్పేది అదే. ఇక్కడ ఆ పనిని కంపెనీ మనుషుల చేతికి వదిలేశారని ఎస్ఈసీ 2011లో తేల్చింది. ఆడిట్ సంస్థ భారతీయ విభాగాల మీద ఎస్ఈసీ 60 లక్షల డాలర్లు, అక్కడి ఆడిట్ నియంత్రణ సంస్థ పీసీఏఓబీ 15 లక్షల డాలర్లు జరిమానా వేశాయి. ఇదీ మనిషి స్వభావమే. ఏళ్ల తరబడి పరిచయమున్న క్లయింటు 'మేం తెప్పించి ఇస్తాం లెండి' అంటే 'అక్కర్లేదు, నేనే తెప్పించుకుంటాను' అనడానికి మనసు రాదు.

ఆడిట్ కమిటీ చేతిలో ఉన్న ఒక పరీక్ష చెబుతాను, పది నిమిషాల పని. ఏడాది మొదట్లో ఫిక్స్‌డ్ డిపాజిట్లు 400 కోట్లు, చివర్లో 600 కోట్లు అనుకుందాం. సగటు 500 కోట్లు. వడ్డీ రేటు 7 శాతమైతే సుమారు 35 కోట్ల వడ్డీ రావాలి. పుస్తకాల్లో 14 కోట్లే ఉంటే రెండే మార్గాలు: డబ్బు కరెంట్ ఖాతాలో ఊరికే పడి ఉందా, లేక క్వార్టర్ ఆఖరి రోజున మాత్రమే ఖాతాలో కనిపిస్తోందా? దీనికి జవాబు రాతలో తీసుకోవాలి. వడ్డీ సరిగ్గా 35 కోట్లే ఉన్నా అక్కడితో ఆగొద్దు. కంపెనీకిచ్చే ఎఫ్‌డీ వడ్డీ మీద బ్యాంకు 10 శాతం టీడీఎస్ కోస్తుంది. అంటే 26ఏఎస్‌లో (ఆదాయపు పన్ను శాఖ దగ్గరుండే టీడీఎస్ పట్టిక) ఆ బ్యాంకుల పేర్ల మీద సుమారు మూడున్నర కోట్లు కనిపించాలి. కంపెనీ తన పుస్తకాల్లో ఏదైనా రాసుకోవచ్చు, 26ఏఎస్‌లో బ్యాంకు కట్టిందే కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు మాట. ఈ పట్టికను అనుమానం వచ్చినప్పుడు అడగకూడదు. ప్రతి క్వార్టర్ ఆడిట్ కమిటీ ఎజెండాలో శాశ్వత అంశంగా పెట్టాలి: సగటు నిల్వ, రావలసిన వడ్డీ, వచ్చిన వడ్డీ, 26ఏఎస్ మొత్తం, తేడాకు కారణం. అప్పుడు అది ఎవరో ఒకరు వేసిన ప్రశ్న కాదు, ప్రతిసారీ వచ్చే కాగితం. ఎవరూ ఎవరినీ అవమానించినట్టు ఉండదు. సీఎఫ్ఓ నిజాయితీపరుడైతే ఆయనకూ ఇది హాయి.

బంజారా_గవర్నెన్స్

చిన్న మాట ఒకటి కలుపుతాను. బోర్డు బహిరంగంగా ఒక మాట అనేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం దాదాపు అసాధ్యంగా అనిపిస్తుంది. 2018 మార్చి 28న ఐసీఐసీఐ బ్యాంకు బోర్డు ఆరోపణలు వచ్చిన తన సీఈఓ చందా కొచ్చర్ మీద పూర్తి విశ్వాసం ఉందని ప్రకటించింది. మే 30న స్వతంత్ర విచారణ వేస్తున్నామని చెప్పింది. జస్టిస్ శ్రీకృష్ణ నివేదిక 2019 జనవరిలో వచ్చాక, ఆమె నిష్క్రమణను తగిన కారణంతో చేసిన తొలగింపుగా పరిగణిస్తామంది. రెండు నెలల్లో వేయగలిగిన విచారణను మొదటి రోజే ఎందుకు వేయలేదన్నది ఆలోచించాల్సిన విషయం. ఆరోపణ రాగానే 'మాకు నమ్మకం ఉంది' అన్న ప్రకటనతో బోర్డు తన చేతులు తానే కట్టేసుకుంటుంది. 'విషయం మా దృష్టికి వచ్చింది, పరిశీలన ఆడిట్ కమిటీకి అప్పగించాం' అన్న రెండు ముక్కలు చాలు. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషికి కూడా అందులో అన్యాయమేమీ లేదు.

మినిట్స్_బుక్

మూడో ప్రశ్నకు సెక్రటరీల వైపు నుంచి. మన చేతిలో అధికారం లేదు గానీ ఎజెండా ఉంది. అది తక్కువ ఆయుధం కాదు.

ముందు సమయం లెక్క వేయండి. మీటింగ్ రెండు గంటలు, ఎజెండాలో 18 అంశాలు. క్వార్టర్ ఫలితాలకు 45 నిమిషాలు, ఆడిట్ కమిటీ నివేదికకు 10. మిగిలిన 65 నిమిషాల్లో 16 అంశాలు, అంటే ఒక్కోదానికి నాలుగు నిమిషాలు. రిలేటెడ్ పార్టీ లావాదేవీ 14వ అంశంగా ఉందనుకోండి. అప్పటికి సాయంత్రం నాలుగున్నర. ముంబై నుంచి వచ్చిన ఇద్దరూ శంషాబాద్ ఫ్లైట్ కోసం గడియారం చూస్తుంటారు, ఒకరి ఫైలు అప్పటికే బ్యాగులో ఉంటుంది. టీ కప్పులు తీసేశారు. ఛైర్మన్ 'ఇది రొటీనే కదా' అంటారు. ఆ గదిలో అప్పుడు ప్రశ్న వేయడమంటే అందరి ఫ్లైట్‌కూ అడ్డుపడటం. పెద్ద నిర్ణయాలు ఇలా అలసటలో దాటిపోతాయి. దీనికి మందు చాలా మామూలుది: నిర్ణయం తీసుకోవాల్సిన అంశాలన్నీ మొదటి గంటలో, తెలుసుకుంటే చాలనేవి చివర్లో. ఎజెండా వరుస ఖరారు చేసేటప్పుడే ఛైర్మన్‌తో మాట్లాడి సాధించుకోవాలి.

తర్వాత కాగితాలు. బోర్డు మీటింగ్‌ల నియమాలైన సెక్రటేరియల్ స్టాండర్డ్-1 ప్రకారం నోటీసు, ఎజెండా, నోట్స్ కనీసం ఏడు రోజుల ముందు చేరాలి. షేరు ధరను కదిలించే రహస్య సమాచారానికి మాత్రం తక్కువ వ్యవధి వెసులుబాటు ఉంది. దాన్ని వాడాలంటే మెజారిటీ డైరెక్టర్ల సమ్మతి కావాలి, ఆ మెజారిటీలో కనీసం ఒక ఇండిపెండెంట్ డైరెక్టర్ ఉండాలి. ఆచరణలో ఈ సమ్మతిని ఏడాది మొదట్లోనే ఒకేసారి తీసుకుని పక్కన పెట్టేస్తారు. కొత్తగా చేరిన డైరెక్టర్ ముందు అడగాల్సింది అదే: 'నా తరఫున అలాంటి సాధారణ సమ్మతి ఏదైనా ఉందా?'

ఎజెండాలో లేని అంశం, మనం టేబుల్ ఐటమ్ అనుకునేది, ఛైర్మన్ అనుమతితో పాటు హాజరైనవారిలో మెజారిటీ సమ్మతి ఉంటేనే తీసుకోవచ్చు. అక్కడా ఒక ఇండిపెండెంట్ డైరెక్టర్ ఒప్పుకోవాలి. పెద్ద సంస్థల్లోనూ ఇది జరుగుతుంది. 2016 అక్టోబర్ 24న టాటా సన్స్ ఛైర్మన్‌గా సైరస్ మిస్త్రీ తొలగింపు ముందుగా పంపిన ఎజెండాలో లేని విషయమే. 2021 మార్చిలో సుప్రీంకోర్టు టాటాల వైపే తీర్పు ఇచ్చింది. న్యాయపరంగా నిలబడింది గానీ ఆ మీటింగ్ తర్వాత కోర్టుల్లో నాలుగేళ్లకు పైగా గడిచాయి.

బోర్డు నోట్‌లో నేను తప్పనిసరి అనుకునే రెండు పేరాలు ఉన్నాయి. ఒకటి, 'ఈ పని చేయకపోతే ఏమవుతుంది, ఇంకే మార్గాలు చూశాం'. రెండు, 'ఏ పరిస్థితిలో ఇది తప్పుడు నిర్ణయం అవుతుంది'. మేనేజ్‌మెంట్ చేతే రాయించాలి. పెద్ద కొనుగోలు అయితే ఇంకో అడుగు ముందుకు వేయొచ్చు. మనస్తత్వ శాస్త్రవేత్త గ్యారీ క్లైన్ చెప్పిన ప్రీమార్టం పద్ధతి ఉంది. 'రెండేళ్లు గడిచాయి, ఈ కొనుగోలు ఘోరంగా దెబ్బతింది, ఎందుకు?' అని అడిగి, ప్రతి డైరెక్టర్ చేతా ఐదు నిమిషాలు కాగితం మీద రాయించాలి. తర్వాత అందరికన్నా కొత్తగా చేరిన డైరెక్టర్‌తో మొదలుపెట్టి చదివించాలి, ఛైర్మన్ ఆఖరున. ఛైర్మన్ ముందు మాట్లాడితే ఈ పద్ధతి అక్కడికక్కడే చచ్చిపోతుంది, మిగతావాళ్లంతా ఆయన మాటనే వేరే పదాల్లో చెబుతారు. రాయించడం ఎందుకంటే, నోటితో అంటే వ్యతిరేకించినట్టు, అడిగితే రాసి ఇస్తే పని చేసినట్టు. మన మనుషులకు ఆ తేడా చాలా పెద్దది.

ఇక మినిట్స్, అంటే మీటింగ్‌లో జరిగినదాని రాతపూర్వక రికార్డు. 'సవివరంగా చర్చించిన మీదట బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించింది' అన్న వాక్యం రాసినన్నాళ్లూ ఏ డైరెక్టర్‌కీ రక్షణ లేదు. ఇలా రాయండి: 'వాల్యుయేషన్ రిపోర్టు సమావేశానికి ముందు అందలేదని ఫలానా డైరెక్టర్ తెలిపారు. మరో వాల్యుయర్ అభిప్రాయం తెప్పించాలని కోరారు. సమయం చాలదని మేనేజ్‌మెంట్ సమాధానమిచ్చింది. ఆయన తీర్మానానికి అసమ్మతి తెలిపారు.' నాలుగు వాక్యాలు. డ్రాఫ్ట్ మినిట్స్ 15 రోజుల్లో డైరెక్టర్లకు వెళ్లాలి, అందిన ఏడు రోజుల్లో వాళ్లు మార్పులు చెప్పాలి, 30 రోజుల్లో పుస్తకంలోకి ఎక్కాలి. ఆ ఏడు రోజుల్లో మౌనంగా ఉంటే ఒప్పుకున్నట్టే. చాలామంది డైరెక్టర్లు ఆ మెయిల్ తెరవరు. మీటింగ్‌లో బాగా మాట్లాడి మినిట్స్ దగ్గర వదిలేసిన మనిషి రికార్డు ప్రకారం మాట్లాడనట్టే.

సెక్షన్ 149(12) ఇండిపెండెంట్ డైరెక్టర్ బాధ్యతను తనకు తెలిసి, బోర్డు ప్రక్రియ ద్వారా, తన సమ్మతితోనో కుమ్మక్కుతోనో జరిగిన వాటికి, లేదా తాను శ్రద్ధ చూపని వాటికి పరిమితం చేసింది. శ్రద్ధ చూపినట్టు రుజువు ఏది? ఆ నాలుగు వాక్యాలే. కంపెనీ ఖర్చుతో బయటి నిపుణుల సలహా తీసుకోవచ్చని, పరిష్కారం కాని అభ్యంతరాన్ని మినిట్స్‌లో రాయమని పట్టుబట్టాలని నాలుగో షెడ్యూలే చెబుతోంది. హక్కు ఉంది, వాడేవాళ్లు తక్కువ.

ఖమ్మం_అకౌంట్స్

మీరంతా లిస్టెడ్ కంపెనీల గురించే మాట్లాడుతున్నారు. మన ఊళ్లలో ఉండేవి ప్రైవేటు లిమిటెడ్‌లు. చట్టానికి ఇద్దరు డైరెక్టర్లు కావాలి కాబట్టి భర్త ఒకరు, భార్య ఒకరు. లేదా అన్న ఒకరు, తమ్ముడు ఒకరు. రెండో డైరెక్టర్ ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతారు. అక్కడ మొహమాటం కాదు, ఇంట్లో నమ్మకం. కానీ చట్టం ఆ తేడా చూడదు.

కంపెనీ వరుసగా మూడేళ్లు వార్షిక రిటర్నులు గానీ లెక్కలు గానీ దాఖలు చేయకపోతే, సెక్షన్ 164(2) కింద డైరెక్టర్లు అందరూ ఐదేళ్లు అనర్హులు. 2017లో కేంద్రం దేశవ్యాప్తంగా 3 లక్షల మందికి పైగా డైరెక్టర్లను ఇలా అనర్హులుగా ప్రకటించింది. ఎప్పుడో మూతపడ్డ కంపెనీలో పేరు ఉన్న మనిషి, బాగా నడుస్తున్న ఇంకో కంపెనీలో పదవి పోగొట్టుకునే పరిస్థితి.

పేరుకు డైరెక్టర్ అయినవాళ్లు చేయాల్సినవి: కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ (ఎంసీఏ) పోర్టల్‌లో కంపెనీ మాస్టర్ డేటా ఉచితంగా చూడొచ్చు. చివరి ఏజీఎం (వార్షిక సర్వసభ్య సమావేశం) తేదీ, చివరి బ్యాలెన్స్ షీట్ తేదీ చూసుకోండి. లెక్కల ఫారం ఏఓసీ-4 ఏజీఎం జరిగిన 30 రోజుల్లో, వార్షిక రిటర్ను ఎంజీటీ-7 (చిన్న కంపెనీలకు ఎంజీటీ-7ఏ) అరవై రోజుల్లో వెళ్లాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము పడుతుంది. రెండు ఫారాలు ఒక ఏడాది ఆగితే 73 వేలు. ఖాళీ కాగితం మీద సంతకం అడిగితే 'తేదీ, విషయం రాసి తెండి, పెడతాను' అనండి. ఇంట్లోవాళ్లే కాబట్టి ఒకసారి చిన్నబుచ్చుకుంటారు, రెండోసారి రాసే తెస్తారు.

గుంటూరు_సీఎస్

అందరికీ ధన్యవాదాలు. ముఖ్యంగా ఎజెండా వరుస, 26ఏఎస్ సంగతి వెంటనే పనికొస్తాయి. ఒక్క సందేహం మిగిలింది. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నా, ఒకరోజు పెద్ద ప్రతిపాదన హఠాత్తుగా వస్తుంది. 'ఇవాళే కావాలి, బ్యాంకర్లు ఎదురుచూస్తున్నారు' అంటారు. ఆ క్షణంలో డైరెక్టర్ అసలు ఏ మాట అనాలి? ఓటింగ్‌కు దూరంగా ఉంటే సరిపోతుందా?

మినిట్స్_బుక్

దూరంగా ఉంటే సరిపోదు. అది సంబంధం ఉన్న డైరెక్టర్లు చేయాల్సిన పని. సంబంధం లేని డైరెక్టర్ తటస్థంగా ఉంటే, 'తెలిసీ ఆపలేదు' అని రేపు చదువుకోవచ్చు.

అనాల్సిన మాట ఇంతే: 'ప్రతిపాదన మంచిదా చెడ్డదా అని నేను అనడం లేదు. ఓటు వేసేంత సమాచారం నా దగ్గర లేదు. వాల్యుయేషన్ రిపోర్టు, లీగల్ అభిప్రాయం, వేరే మార్గాల పోలిక, ఈ మూడూ ఇవ్వండి, ఏడు రోజుల్లో మళ్లీ కూర్చుందాం. ఇవాళే ఓటింగ్ పెడతామంటే నాది వ్యతిరేకం అని నమోదు చేయండి.' ఇందులో ఎవరి నిజాయితీ మీదా మాట పడదు కాబట్టి అనడం తేలిక. మాటలు అక్కడ వెతుక్కోకూడదు, ముందే నోటికి వచ్చి ఉండాలి.

అలా అన్నాక కొన్నిచోట్ల ఇంకో దారి పడతారు. మీటింగ్ లేకుండా సర్క్యులేషన్‌లో తీర్మానం పంపుతారు, మెయిల్‌లో 'అంగీకారం' అని కొడితే అయిపోతుంది. దానికి సెక్షన్ 175 చూడండి. మొత్తం డైరెక్టర్లలో మూడింట ఒక వంతు మంది 'ఇది మీటింగ్‌లోనే తేల్చాలి' అంటే ఛైర్మన్ మీటింగ్ పెట్టి తీరాలి. ఆరుగురు ఉన్న బోర్డులో ఆ మెయిల్‌కు ఇద్దరు జవాబిస్తే చాలు. మూర్తి గారు చెప్పిన రెండో గొంతు అవసరం ఇక్కడ కూడా ఉంది, ఆ ఇద్దరూ ముందే ఫోన్లో మాట్లాడుకుని ఉండాలి.